మొదలు దిక్కుకు జరిపిన తాడు

ఇంకాస్త ఇటు జరగండి, చాప మీద చోటుంది. మా వాకిట్లో నిలబడిన ఆ చిన్న ట్రైలర్ మొట్టమొదటి దుంగను ఎలా ఎత్తిందో చెబుతాను.

దాన్ని మా ఆయన నిజామాబాద్‌లో వెల్డింగ్ చేయించి తెచ్చాడు. తొట్టి పక్కన ఇనుప స్తంభం, దాని కొనన కప్పీ, కప్పీ మీదుగా ఇనుప తాడు. పిడి తిప్పితే తాడు చుట్టుకుంటూ దుంగను పైకి లేపాలి. వాకిట్లోకి వచ్చి చూసినవాళ్లంతా నవ్వి పోయారు.

ఆ వారంలోనే గాలివానకు కాలువ గట్టు మీది తుమ్మచెట్టు బండ్లబాటకు అడ్డంగా పడింది. అవతల మా ఆయనకు తమ్ముడి వరసయ్యే పక్క చేను రైతు చెరకు, కొట్టి కుప్పలు పోసి ఉంది. బెల్లం గానుగకు చేరకపోతే ఎండి రసం పోతుంది. గట్టు ఇరుకు, పెద్ద క్రేను రాదు. ఊరివాళ్లు కొమ్మలు నరికేశారు కానీ మాను కదల్లేదు. మా ట్రాక్టరుకు ట్రైలర్ తగిలించుకుని ఇద్దరం పోయాం.

మా ఆయన చిన్నప్పటి నుంచి చెరకు మోపులు కట్టినవాడు. మోపును నడుమ కడతారు. ఆ అలవాటుతోనే మానుకు కూడా తాడు నడుమ వేసి పిడి తిప్పాడు. కొస పైకి లేచింది, మొదలు బురదలో దిగబడింది, ట్రైలర్ చక్రం ఒకటి నేల విడిచింది. అందరూ వెనక్కి ఉరికారు. ఆయన గబగబా తాడు వదిలాడు.

"అన్నా, గిది అయ్యేటట్టు లేదే. నా చెరుకు ఎండుడే ఇగ," అన్నాడు తమ్ముడు, ఏడుపు గొంతుతో.

"గది మోపు గాదయ్యా, నడుమ కడితె లేస్తదా? మొదలు దిక్కు జరుపు," అన్నాను మా ఆయనతో.

"బీడీలు సుట్టెటిదానివి, నీకేం ఎర్క వదినె!" అని తమ్ముడు.

"బీడీ గూడ ఒక కొస సన్నం, ఒక కొస లావే గద! ఏడ వట్టుకుంటె వంగకుంట ఉంటదో నా వేళ్లకు ఎర్క."

"అయితే నువ్వే సూపియ్యి మేస్త్రీ," అని మా ఆయన పక్కకు జరిగాడు.

మొదలుకు దగ్గరగా తాడు వేయించాను. జానెడు ఎత్తడం, ఆగి చూడడం. ఇంకా మొదలు వంగుతోందని దించి, మరికాస్త జరిపించాను. ఈసారి ఆ మాను నేలకు సమంగా, పడుకున్నట్టే పైకి లేచింది! కొసకు పగ్గం కట్టి నేను మానును పక్కకు తిప్పుతుంటే మెల్లగా వచ్చి తొట్టిలో కూర్చుంది.

పొద్దు గూకక ముందే చెరకు బండ్లు గానుగకు కదిలాయి. తమ్ముడు మొదటి బండి ఆపి, "దండం వదినె, నా పంట నిలవెట్టినవ్," అన్నాడు. మా ఆయన మీసం కింద నవ్వుకోవడం నేను చూశాను.

ఇప్పుడు దుంగ ఎత్తాలని మాక్లూర్ ఊరి నుంచి ఫోన్ వచ్చినా, "వదినెను గూడ తోల్కరా అన్నా," అంటారు. నాకు గర్వమే, ఎందుకు దాచాలి?

మీ పంట వేళకు ఇల్లు చేరాలి. మీ ఇంట్లో ఒకరి మాట ఒకరు వినుకుంటూ, పిల్లాపాపలతో చల్లగా ఉండండి.