పాలివ్వని బర్రెలకే సూది

నాచారంలో నేను పనిచేసే ఫ్యాక్టరీలో పశువుల టీకాలు తయారవుతాయి. నింపిన సీసాలను లైటు ముందు పెట్టి నలుసేమైనా ఉందా అని చూడటం నా పని. పొద్దంతా చూసి చూసి కళ్ళు మంటలెత్తుతాయి. ఆ సీసాలు ఎక్కడెక్కడి ఊళ్ళకో పోతాయి. పీర్జాదిగూడలో ఉన్న మా అక్క ఇంటికి మాత్రం పోవు. మా బావ రానివ్వడు.

బావకు నాలుగు బర్రెలు. అప్పట్లో రెండు పాలిస్తున్నాయి, రెండు ఒట్టిపోయి ఉన్నాయి. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచినా సందు చివర రేకుల కొట్టాన్ని ఆయన వదల్లేదు. తెల్లవారితే అపార్ట్‌మెంట్ల వాళ్ళు క్యాన్లు పట్టుకుని వచ్చి నిలబడతారు. పాలు తమ కళ్ళ ముందే పిండాలని వాళ్ళ పట్టింపు. పిల్లల చదువు, ఇంటి ఖర్చు అన్నీ ఆ పాల మీదే, అందులోనూ నుదుట తెల్లమచ్చ ఉన్న బర్రె మీదే.

గాలికుంటు రోగం వస్తే నోరు పుండ్లవుతుందని, గిట్టలు చెడతాయని, పాలు ఎండిపోతాయని, ముందే టీకా వేయించమని నేను చెప్పని పండగ లేదు, పబ్బం లేదు. పశువుల దవాఖానా వాళ్ళు ఐసు డబ్బా పట్టుకుని వాడకే వచ్చి ఉచితంగా టీకా వేస్తామన్నారు. సరిగ్గా ఆ పొద్దే బావ బర్రెల్ని మూసీ పక్క గడ్డి మీదికి తోలుకుపోయాడు.

సాయంత్రం అడిగితే, "ఉత్తగ ఇస్తున్రంటే దాంట్ల ఏం దమ్ముంటది మరదలా?" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. సరే, పైసలు పెట్టిన దానికైనా విలువ ఇస్తాడేమోనని, ఒక సెలవు రోజున ఉప్పల్ నుంచి ప్రైవేటు డాక్టరును వెంటబెట్టుకుని పోయాను. జాతరలో బర్రె మెడకు గవ్వల దండ కొన్నప్పుడు ధర కూడా అడగని మనిషి, డాక్టరుతో కూరగాయల బండి దగ్గరలాగా బేరమాడాడు. చివరికి ఒప్పుకున్నాడు. నేను సంబరపడేలోపే ఒట్టిపోయిన రెండింటిని మాత్రమే విప్పుకొచ్చి డాక్టరు ముందు నిలబెట్టాడు.

"మరి పాలిచ్చేటియి?" అన్నాను.

"గవాటికి సూదేస్తే రెండు మూడు రోజులు పాలు తగ్గుతయి. క్యాన్లోళ్ళు ప్యాకెట్ పాలకు మరిగితే మల్ల వస్తరా? నువ్వు తోలుకొస్తవా?"

"ఇల్లు నడిపేది గవే గదా బావా! ముందుగాల వాటికే ఎయ్యాలె."

"పైసలు నాయి. నాకు నచ్చినదానికి ఏపిస్త."

అక్కకు వేరే భయం. "నువ్వు జర ఊకోయే. ఎవ్వలన్న ఇంటే మన బర్రెలకు రోగమొచ్చిందనుకుంటరు," అంది.

డాక్టరు తన పని చేసుకుని వెళ్ళిపోయాడు. బస్సులో ఇంటిదాకా బావను తిట్టుకుంటూనే ఉన్నాను. పోలీసులకు భయపడి బండికి ఇన్సూరెన్స్ కడతాడు, బర్రెకు మాత్రం ఇదీ వరస. రెండు మూడు రోజులు గ్లాసెడు పాలు తక్కువైతే ఓర్చుకోలేని ఆ క్యాన్ల వాళ్ళ మీదా కోపం వచ్చింది. కానీ వాళ్ళను నేనేమనగలను?

వానలు పడ్డాక గాలికుంటు రానే వచ్చింది. పాలిచ్చే రెండింటికీ అంటుకుంది. తెల్లమచ్చ బర్రె నోటి నుంచి నురగ కారుస్తూ, కాలు కింద మోపలేక ఎత్తిపట్టుకుని నిలబడింది. దాని పాలు తాగే దుడ్డె చనిపోయింది. క్యాన్ల వాళ్ళు ఒక్కొక్కరే రావడం మానేశారు. పక్క గుంజల దగ్గర ఒట్టిపోయిన రెండూ హాయిగా గడ్డి నములుతున్నాయి.

నేను పోయేసరికి బావ వంగి తెల్లమచ్చ బర్రె గిట్టలు కడుగుతున్నాడు. దుడ్డెను కట్టే తాడు ఇంకా గుంజకే ఉంది. నన్ను చూసి లేచి, తడిచేతుల్తోనే జేబులో ఉన్న నోట్లన్నీ తీశాడు.

"మీ ఫ్యాక్టరీల సూది తేపో మరదలా. ఎంతన్న కానీ, బేరం జెయ్య. దీనికి ఎయ్యిద్దాం."

"రోగమొచ్చినంక గది పనిజెయ్యది బావా."

ఆయన తడిసిన నోట్లను నా వైపు చాపాడు.

"మరి గీ పైసలు గిప్పుడు దేనికియ్యాలె?" అని అడిగాడు.