లోపలినుంచి ఏమీ రాదట

వేలూరు నుంచి గుడియాత్తం వెళ్ళే బస్సులో నా పక్కన కూర్చున్నాయన ఒడిలో లావుపాటి నోటుపుస్తకం ఉంది. మాటలు తెలుగు, అక్షరాలు అరవం. ఆంబూరు చెప్పుల ఫ్యాక్టరీలో పనిచేస్తూ ఇరవై ఏళ్ళుగా అందులో ఒకే సంగతి రాస్తున్నాడట.

"ఆకాశంలో నల్లబిలం, అదే బ్లాక్ హోల్, దాంట్లోంచి వెలుగే రాదు కదమ్మా, మరి దాని లాగుడు బయటికి యెట్ల వస్తాది? లోపల్నించి సన్న కణాలు వస్తా ఉండాయని రాసినాను."

నేను మా చర్చి సంఘంలో సాక్ష్యం చెప్పే మనిషిని. ఊరుకోలేకపోయాను. "దేవుడూ అంతే కదన్నా. కనబడకుండానే లాగుతా ఉండాడు."

"నేనూ అట్లనే నమ్మితి. ఈపొద్దు కాలేజీ వాద్యారుకు చూపిస్తే అయిదు నిమిషాల్లో తేల్చేసినాడు. లోపల్నించి ఏమీ రాదంట. నక్షత్రం కూలి నల్లబిలం కాకముందు ఉన్న లాగుడే బయట మిగిలిపోయిందంట." పుస్తకం మూసి నావైపు తిరిగాడు. "మీకు తెలిసే ఆ దేవుని లాగుడు ఇప్పటిదేనా, పాతదా అమ్మా?"

ఎగతాళి కాదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. గుడియాత్తంలో ఆయన దిగిపోయాడు.

ఆ ఆదివారం సాక్ష్యానికి లేచి, దేవుడు ఈమధ్య నాకు చేసిన మేలు చెప్పబోయాను. నోటికొచ్చినవన్నీ నా చిన్ననాటివే.