నర్సమ్మ గోడ దాటిన పసుపుపూలు

రాష్ట్రాలు కలిసిన కొత్తల్లో మా తమ్ముడికి జహీరాబాదు బదిలీ అయింది. దసరాకని నేను గుంటూరు నుంచి వెళ్లాను. వెళ్లగానే పక్కింటి నర్సమ్మ పెరటి పొద కంటపడింది. పొద్దుతిరుగుడుకు చెల్లెళ్లలాంటి పసుపుపూలు గోడ దాటి విరగబూశాయి. మా ఇంట్లోనూ అదే పొద. ఊటీ నుంచి కొమ్మ తెప్పించి, గేటుకు తాళం వేసి మరీ పెంచుకున్నాను. మా వీధిలో అలాంటిది మరొకటి లేదని నాకు గర్వం. ఇక్కడేమో ఎవరూ నీళ్లయినా పోయని పొద నాదానికి రెండింతలుంది. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

తెల్లారేసరికి వాడకట్టు ఆడవాళ్లు గంపలతో వచ్చి, అడగకుండానే పూలన్నీ తెంపుకుపోయారు. పొద బోడిదైంది. నిజం చెప్పొద్దూ, నా కడుపుమంట చల్లారింది.

"మా ఇంట్లోనూ ఈ పొదే ఉంది. మీకు కోపం రాదా, ఒక్కమాటైనా అడగలేదే!" అన్నాను, జాలి నటిస్తూ.

నర్సమ్మ నన్ను వింతగా చూసింది. "కోపమెందుకక్కా? బతుకమ్మకు ఎవ్వలు తెంపకుంటెనే నాకు నామోషి. గా ఇంటి పువ్వు వద్దనుకున్నరంటరు."

సాయంత్రం వాకిట్లో బతుకమ్మలన్నీ ఒకచోట పెట్టి, చుట్టూ తిరుగుతూ పాడారు. పేర్చిన ప్రతి బతుకమ్మలోనూ ఒక వరస ఆ పసుపే. నర్సమ్మ ఒక్కొక్కటీ చూసుకుని మురిసిపోతుంటే, నాలో మంట మళ్లీ రాజుకుంది.

"మీ తాన తెంపనీకి ఎంతమంది వస్తరక్కా?" అని అడిగింది.

"చాలామంది," అన్నాను. మా గేటు తాళంచెవి నా కొంగుముడిలోనే ఉంది.