ఉప్పు లేని పులిహోర, ఒక దరఖాస్తు

విదేశంలో మేముండే రౌస్ హిల్‌లో మా పక్కింటి అంకుల్ పోయిన జూలైలో చనిపోయారు. ఆయన కేంద్ర బ్యాంకులో పనిచేసేవారు. ఎవరైనా ఒక బ్యాంకు రహస్య వివరాలు కావాలని అడిగితే, కారణం రాసిమ్మనేవారు. చదివి, చాలాసార్లు అన్ని బ్యాంకుల సగటు మాత్రమే చెప్పి పంపేవారు. ఇంట్లోనూ అంతే. కాఫీ ఎలా ఉందని ఆంటీ అడిగితే, "ఈ వారం కాఫీలు ఓవరాల్‌గా బాగున్నాయి" అనేవారు.

ఒక ఉగాదికి వాళ్లింటికి మూడిళ్ల నుంచి పులిహోర వచ్చింది, ఒకటి నాది. నేను చేయడం అదే మొదటిసారి, ఉప్పు మరిచిపోయాను. సంగతి బయటపడితే ఇక ఏటా నాకు వంట కాదు, పేపర్ ప్లేట్లు తెచ్చే పనే. ఒకదాంట్లో ఉప్పు లేదని పిల్లలు గోల చేసి, ఏ గిన్నెదో చెప్పకుండానే ఆటకి పరిగెత్తారు. మూడూ రుచి చూసింది అంకుల్ ఒక్కరే.

"ఏవండీ, ఉప్పు లేనిది ఎవరిది?" అన్నారు ఆంటీ.

"రాసివ్వు. రీజన్ కూడా."

ఆంటీ పళ్లు కొరుకుతూ టిష్యూ మీద రాసిచ్చారు. ఆయన కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు.

"ఉన్నవి మూడే గిన్నెలు. ఏం చెప్పినా ఎవరిదో తెలిసిపోతుంది. సారీ."

"అయితే నేనే తిని చూస్తా!"

ఆంటీ వంటింట్లోంచి స్పూను తెచ్చేలోపు, ఆయన మూడు గిన్నెలూ ఒకే బేసిన్‌లో బోర్లించి, చేత్తో బాగా కలిపేశారు.

"ఇప్పుడు చూడు," అన్నారు.

ఆంటీ ఆయన్ని తిడుతూనే రెండోసారి వడ్డించుకున్నారు.