తొమ్మిదో మజిలీలోని మూడో వాక్యం

సత్యనారాయణమూర్తిగారు మచిలీపట్నం కోర్టు నకళ్ల విభాగంలో ముప్పయి నాలుగేళ్లు కాపీయిస్టుగా పనిచేశారు. తీర్పులు, వాంగ్మూలాలు, అర్జీలు ఆయన చేతిమీదుగా వేల పుటలు సాగిపోయాయి. వాటన్నిటిలో ఆయన సొంత వాక్యం ఒక్కటీ లేదు. మూలంలో తప్పు దొర్లి ఉంటే తప్పునే దించి, అంచున ‘మూలమందు ఇట్లే ఉన్నది’ అని రాసేవారు. ఆ అంచు మాటలు సైతం శాఖవారు నేర్పినవే.

పదవీ విరమణ చేశాక ఆయన వాటిల్‌ఫోర్డ్‌లోని కుమార్తె హరిప్రియ వద్దకు వచ్చి స్థిరపడ్డారు. ఆమె అక్కడి ఆసుపత్రిలో ఫార్మసిస్టు. మెల్‌బోర్న్‌కు రెండు గంటల దూరంలోని ఆ ఊరు నూట డెబ్బయి ఏళ్ల క్రితం బంగారం కోసం లేచి, బంగారం నిండుకోగానే నిద్రలోకి జారుకుంది. నాటి బ్యాంకు, తపాలా కార్యాలయం, కోర్టు, అన్నీ ఇనుప లతల వరండాలు దించుకుని ఇప్పటికీ కునుకుతూనే ఉన్నట్టుంటాయి. చూడవచ్చినవారికి దారి చూపే మనిషి ఉండడు. పెట్టెలోంచి ఒక కరపత్రం తీసుకుని, కాలిబాటలో దిగ్గొట్టిన ఇత్తడి అంకెల వెంట ఎవరంతట వారు నడవాలి. మొత్తం పన్నెండు మజిలీలు.

శని, ఆదివారాల్లో మెల్‌బోర్న్ శివారు ట్రుగనీనా నుంచి తెలుగు కుటుంబాలు కార్లలో వస్తున్నాయని, ఆ కరపత్రాన్ని తెలుగులోకి దించి ఇమ్మని చరిత్ర సంఘం కార్యదర్శి డొరొతీ మూర్తిగారిని కోరింది. ఆయన పదకొండు మజిలీలు పొల్లు పోకుండా దించారు. చిక్కంతా తొమ్మిదో దానితో వచ్చింది.

మూలంలో అక్కడ ఉన్నవి రెండే వాక్యాలు. ‘1853లో ఇచ్చట నాలుగు వేల గుడారాలు ఉండేవి. ప్రస్తుతం ఏమియు మిగలలేదు.’ నిజమే, అక్కడున్నది గడ్డి మైదానం, ఒక బెంచీ. ఒకనాటి సాయంత్రం ఆయన ఆ బెంచీ మీద కూర్చుని ఉండగా వాగు మీది మంచు నెమ్మదిగా పాకివచ్చి గడ్డి మీద తెల్లగా, గుట్టలు గుట్టలుగా నిలిచింది. ఆ గుట్టల మధ్య ఎవరో తగ్గు గొంతుతో మాట్లాడుకుంటున్నట్టు, తపేలా మూత తీసినట్టు, ఏడ్చే బిడ్డను ఊరుకోబెడుతున్నట్టు తోచింది. పొగ వాసన స్పష్టంగా తగిలింది. చుట్టుపక్కల ఎక్కడా నిప్పు లేదు. ఇంటికి వచ్చి, తానేం చేస్తున్నదీ ఎరగకుండానే, రెండు వాక్యాల కింద మూడోది రాసేశారు: ‘అయినను పొద్దు వాలు వేళ ఇచ్చట కొంతసేపు నిలిచినవారికి నాలుగు వేల పొయ్యిల పొగ సోకును.’

ఆ కాగితానికి జతగా ఒక ఫారం ఉంది. ‘ఈ అనువాదం మూలానికి యథాతథమని ధ్రువీకరిస్తున్నాను’ అన్న వరుస కింద ఆయన సంతకం చేయాలి. వాక్యాన్ని ఉంచి సంతకం చేస్తే జన్మలో మొదటి తప్పుడు ధ్రువీకరణ అవుతుంది. కొట్టేస్తే జన్మలో సొంతంగా రాసిన ఒకే ఒక్క వాక్యం పోతుంది. మూడు రోజులు కలం మూత తీస్తూ పెడుతూ గడిచిపోయాయి.

“ఒక్క సైన్‌కి ఇంత టైమా నాన్నా? డొరొతీ రోజూ ఫార్మసీకొచ్చి అడుగుతోంది. శనివారం పన్నెండింటికి ప్రింటింగ్‌కి పంపేస్తారట,” అంది హరిప్రియ.

“సరిచూడందే సంతకం పెట్టకూడదమ్మా. ఒకరు చదవాలి, ఒకరు మూలం పట్టుకుని వినాలి.”

“ఇక్కడెవరు వింటారు? కంగారూలా?”

శనివారం ఉదయం మూర్తిగారు కాగితాలు అట్టకు బిగించుకుని, ఆ వాక్యాన్ని అక్కడే, పుట్టిన చోటనే కొట్టివేయాలని నిశ్చయించుకుని బయలుదేరారు. ఆగస్టు చివరి రోజులు. వాటిల్ చెట్లు పచ్చటి పూలు విరబూసి, వాటి పుప్పొడి వీధి అంతటా పసుపు చల్లినట్టు పడి ఉంది. మాగ్‌పై పిట్టలు గొంతులో నీళ్లు పోసుకున్నట్టు పాడుతున్నాయి. నాలుగో మజిలీ పాత కోర్టు. దాని మెట్ల వద్ద ఆయన అలవాటు చొప్పున చెప్పులు సవరించుకున్నారు. లోపల ఎవరో బంట్రోతు ఎవరి పేరో మూడుసార్లు పిలిచినట్టు అనిపించి ఒక్క క్షణం ఆగారు. అటుపైన బ్యాంకు, రొట్టెల బట్టీ, మందుల దుకాణం ఒకదాని వెంట ఒకటి కలలో మాదిరిగా కదిలి వెనక్కి వెళ్లాయి.

ఎనిమిదో అంకె దగ్గర తెలుగు వినబడింది.

“ఇంకెన్నున్నయి శ్రావ్యా? కాళ్లు గుంజుతున్నయి.”

“ఆఫీస్‌ల కుర్చీ దిగకపోతే గట్లనే ఉంటది. నడువు.”

ట్రుగనీనా నుంచి వచ్చిన పవన్, అతని భార్య శ్రావ్య, ఎనిమిదేళ్ల కూతురు లిఖిత. పలకరింపులయ్యాక మూర్తిగారు, మొహమాటపడుతూనే, అట్ట చూపి సంగతి చెప్పారు. శ్రావ్య సంబరంగా అందుకుంది. “తెలుగులనా అంకుల్! నేను చదువుత. పవన్, నువ్వు ఇంగ్లిష్‌ది పట్టుకో.”

ఆయన కాదనలేకపోయారు. కోర్టులో జరిగినట్టే, ఒకరు మొదటి మజిలీ నుంచి చదువుతూ ఒకరు సరిచూస్తూ వారు గడ్డి మైదానం చేరారు. శ్రావ్య మొదటి వాక్యం చదివింది, రెండోది చదివింది, ఆగకుండా మూడోదీ చదివింది.

పవన్ కరపత్రం తిరగేసి మళ్లీ చూశాడు. “గిది ఇండ్ల లేదు కదా అంకుల్?”

మూర్తిగారి చెవులు వేడెక్కాయి. ముప్పయి నాలుగేళ్లలో ఆ మాట ఆయన ఎన్నడూ పడలేదు. “లేదు బాబూ,” అన్నారు, “అది నాది. కొట్టేద్దామనే వచ్చాను.”

“ఒక్క నిమిషం ఆగండి,” అని శ్రావ్య కూతురి వైపు వంగి ఆ వాక్యానికి అర్థం చెప్పింది. లిఖిత బెంచీ ఎక్కి, కళ్లు గట్టిగా మూసుకుని, ముక్కు ఎగబీల్చింది.

“ఐ కెన్ స్మెల్ టోస్ట్.”

“పొద్దున తినకుంటే గట్లనే వస్తది వాసన!” అన్నాడు పవన్. అందరూ నవ్వారు. నవ్వు ఆగింది. పవన్ సైతం కళ్లు మూసుకున్నాడు. గాలికి గడ్డి ఒక పక్కకు ఒరిగి లేచింది. ఏమీ మిగలని ఆ చోట నలుగురూ కొంతసేపు నిలబడి ఉన్నారు.

“కొట్టేయకున్రి అంకుల్,” అంది శ్రావ్య మెల్లగా. “మీదని చెప్పున్రి, అంతే కద.”

అంతేనా అనుకున్నారు మూర్తిగారు. ఆ మాటకు ఆయన శాఖలో నమూనా లేదు. బెంచీ మీద కూర్చుని, అట్ట మోకాళ్లపై పెట్టుకుని, ఫారంలోని ధ్రువీకరణ కింద ఇంగ్లీషులో గుండ్రటి అక్షరాలతో రాశారు: ‘తొమ్మిదవ మజిలీలోని మూడవ వాక్యము మినహా యథాతథము. సదరు వాక్యము మూలమందు లేదు. ఈ దిగువ సంతకము చేసినవాని స్వంతము.’ దాని కింద ఇంటిపేరుతో సహా పూర్తి పేరు సంతకం చేసి, తేదీ వేశారు. మిగిలిన మూడు మజిలీలు వారితోనే సరిచూసి ముగించారు.

పన్నెండుకు పది నిమిషాలు ఉందనగా ఫారం చరిత్ర సంఘంలో డొరొతీ బల్ల మీద ఉంది. ఆమె కళ్లజోడు సవరించుకుని రెండుసార్లు చదివింది. “ఏముంది ఆ వాక్యంలో?”

ఆయన నిలబడే, కోర్టులో వాంగ్మూలం ఇచ్చినట్టు, తన ఇంగ్లీషులో చెప్పారు. డొరొతీ కిటికీలోంచి మైదానం ఉన్న దిక్కుకు చూసింది.

“ఐరన్‌బార్క్ కట్టె అయి ఉంటుంది,” అంది. “ఇక్కడ అదే కాల్చేవారు.”

“నాకు తెలియదమ్మా. పొగ అని మాత్రమే రాశాను.”

“అది చాల్లెండి,” అని ఆమె తేదీ ముద్రను సిరాలో అద్ది, ఆయన సంతకానికి తగలకుండా, పక్కన జాగ్రత్తగా వేసింది.