కరిచిన కుక్కతో అడ్డరోడ్డు దాకా

సువర్ణమ్మ తండ్రి పేరు పీటరు. చర్చి ఊడ్చి, గంట కొట్టి బతికిన మనిషి. ఆమె పనిచేసే ఇంట్లో కుక్క పేరు కూడా పీటరే. ఆ ఇంటి యజమాని, బలిఘట్టం రైతు గోపీకృష్ణ గారు “ఒరే పీటరూ, ఇలా రారా” అని నవ్వుతూ పిలిచినప్పుడల్లా ఆమె తల వంచుకుని పేడ ఎత్తుకునేది. ఆ పేరులో తప్పేముందో ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు. వీధి గేటు ఉండగా సువర్ణమ్మ దొడ్డి గేటులోంచే ఎందుకు రావాలో కూడా తోచలేదు.

ఆ దొడ్డి గేటు దగ్గరే, 1997 వేసవిలో, పీటరు ఆమె పిక్క పట్టుకుంది.

“నా కుక్క ఊరికే కరవదే. నువ్వే తొక్కీసుంటావు” అన్నారు గోపీకృష్ణ గారు. ఆయన భార్య సింహాద్రమ్మ గాయం మీద గుప్పెడు కారం అద్దించింది. అక్కడితో తమ బాధ్యత తీరిందనుకున్నారు.

వీధి చివర సూదులేసే ఆర్‌ఎంపీ ఇంకో మాట చెప్పాడు. “బొడ్డు సుట్టూ పద్నాలుగు సూదులు. ఓర్సుకోగలవా? ముందు కుక్కని కనిపెట్టుకునుండు. పది రోజులు అది బతికితే నీకేటీ కాదు.” మా వైపు చదువుకున్నవాళ్లు కూడా నమ్మే వైద్యం ఇదే. సూదికి భయపడి కుక్క మీద భారం వేస్తాం.

సువర్ణమ్మ కనిపెట్టుకునే ఉంది. అన్నం ముట్టిందా, నీళ్లు తాగిందా, చొంగ కారుస్తోందా? పని అయిపోయినా ఇల్లు కదిలేది కాదు. ఆ చూపు సింహాద్రమ్మకు చిరాకు పుట్టించింది. “దీని వాలకం సూత్తే నా కుక్క సావు కోసం కాసుకున్నట్టుంది” అంది. వారం తిరక్కుండానే పీటరును ఎస్. రాయవరంలో ఉన్న తమ్ముడింటికి పంపేయాలని నిర్ణయించింది. అటు జీడిపిక్కల బస్తాలు తీసుకెళ్తున్న వ్యానులో కుక్కను కట్టేశారు.

కుక్క అక్కడ చస్తే? పనిమనిషికి చెప్పడానికి ఎవరు ఫోను చేస్తారు? సువర్ణమ్మ చీపురు పడేసి, బస్తాల మధ్యకు ఎక్కేసింది.

వ్యాను డ్రైవరు అప్పలకొండ అద్దంలోంచి చూశాడు. “ఏటప్పా, కరిసిన కుక్కతోటి సికారా?”

“నడుపు కొండా.”

“పెల్లివారి బండిలాగుంది. నువ్వూ, అదీ, సారె బస్తాలూనూ!”

“నీ నోరు పడ. దాని మూతికేటది? సొంగా?”

“ఎండప్పా. నాకూ కారతంది.”

ఆమె నవ్వలేదు. కాళ్లు చీర లోపలికి ముడుచుకుంది. కుక్క ఆవలిస్తే ఉలిక్కిపడింది. కళ్లు మూస్తే పోయిందేమోనని బస్తాల మధ్య దొరికిన పుల్లతో పొడిచింది. “ప్రభువా” అని ప్రార్థన మొదలుపెట్టింది కానీ “పీటరుని బతికించు” అనడానికి నోరు రాలేదు. తండ్రి ముఖం అడ్డొచ్చింది.

కోటవురట్లలో టీ బడ్డీ దగ్గర ఆపించి, గిన్నెతో నీళ్లు పెట్టింది. కుక్క మూతి తిప్పుకుంది. బన్ను వాసన చూసి వదిలేసింది. పిచ్చికుక్క నీళ్లు ముట్టదని ఆమె చిన్నప్పటి నుంచీ వింటోంది. మళ్లీ పెట్టింది. మళ్లీ తిప్పుకుంది.

“వేన్లో తిప్పితే దానికి వికారమెట్టదేటి? ఎక్కప్పా, బేగి!” అన్నాడు అప్పలకొండ.

గోతుల రోడ్డు మీద కుక్క కక్కింది. సువర్ణమ్మ బస్తాల మీదకు పాకింది. కూర్చోలేదు, నిలబడలేదు. వేళ్లు పదేపదే పిక్క మీది గాయాన్ని తడుముతూనే ఉన్నాయి.

ఎస్. రాయవరం ఇంకాస్త దూరం ఉండగా, హైవే మీది అడ్డరోడ్డులో వ్యాను ఆగింది. కిందకు దించగానే పీటరు అక్కడి హోటలు కుళాయి కింద గుంటలోకి మూతి పెట్టి గటగటా తాగింది.

అప్పలకొండ చప్పట్లు కొట్టాడు. “సూసినావా! పిచ్చీ లేదు, పాడూ లేదు. దీన్ని దింపీసి ఇంటికెల్లిపోదారి.”

కుక్క తాగడం అయ్యేదాకా సువర్ణమ్మ చూస్తూ నిలబడింది.

“ఈ పూట తాగింది. రేపు తాగినట్టు నాకెవుడు సెప్తాడు? దాని పేణానికి నా పేణం ముడెట్టీసి, ఆ ముడి ఎవులింటికో అట్టుకుపోతన్నారు. నాను రాను కొండా.”

“మరెక్కడికెల్తావు?”

“ఇసాపట్నం పెద్దాసుపత్రికి.”

“అమ్మగోరికేటి సెప్పమంటావు?”

“కుక్కని బాగా సూసుకోమన్నానని సెప్పు.”

హైవే మీద చెయ్యెత్తి బస్సాపింది.

సూదులన్నీ వేయించుకుంది. పొట్ట గడ్డలు కట్టింది. పని పోయింది. తర్వాత జీడిపిక్కల షెడ్డులో చేరింది. పీటరుకు ఏమీ కాలేదు. ఎస్. రాయవరంలో చాలాకాలం బతికింది. “అనవసరంగా పొడిపించుకుంది” అని ఇప్పటికీ ఆమెను చూసి నవ్వేవాళ్లున్నారు. కుక్క బతకడం అదృష్టం, సూది వేయించుకోవడం తెలివి. అదృష్టాన్ని చూపించి తెలివిని వెక్కిరించడం మనకు బాగా అలవాటు.

ఇప్పుడు బొడ్డు చుట్టూ పొడవరు, చేతికే వేస్తున్నారు. అయినా కారం అద్దేవాళ్లు అద్దుతూనే ఉన్నారు, కుక్కను కనిపెట్టేవాళ్లు కనిపెడుతూనే ఉన్నారు. మీ ఇంట్లో కుక్క ఉంటే ఈ వారమే టీకా వేయించండి. అది ఎవరినైనా కరిస్తే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్లతో బాగా కడిగి, ఆ రోజే మీ ఖర్చుతో ఆ మనిషిని ఆస్పత్రికి తీసుకెళ్లండి. మందు లేదంటే ఒంటరిగా వెనక్కి పంపకండి. నలుగురు కలిసి వెళ్లి, ఎందుకు లేదో అడగండి, వచ్చేదాకా అడగండి.