మలుపు దగ్గర కారు ఆపిన ముగ్గు

నా చిన్నప్పుడు వర్జీనియాలో మేమున్న రోడ్డు ఎంత ఇరుకంటే, ఎదురుగా ఇంకో కారు వస్తే ఎవరో ఒకరు గడ్డిలోకి దిగాల్సిందే. దాన్ని వెడల్పు చేస్తామన్నారు. చేస్తే మా పక్కింటి ముసలావిడ ఇంటి ముందున్న మేపుల్ చెట్లూ, ఆవిడ తాతలు పేర్చిన రాతిగోడా పోతాయి. అప్పట్లో రాష్ట్రం వాళ్ళు అందమైన రోడ్లను ఎంపిక చేసి, గుర్తింపుగా బోర్డులు పెట్టేవారు. ఆ బోర్డు పడితే గోడ జోలికి రావడానికి కాస్త జంకుతారని ఆవిడ ఆశ. రోడ్డు చూడ్డానికి రాష్ట్రం నుంచి ఇద్దరు వస్తున్నారని తెలిసిన దగ్గర్నుంచీ ఆవిడకు తిండీ నిద్రా లేవు.

"కార్‌లో రయ్యిమని పోతారు, వాళ్ళకేం కనబడుతుంది" అని మా నాన్న పెదవి విరిచారు. ఆ వేసవికి గుంటూరు నుంచి వచ్చిన మా అమ్మమ్మ ఆ మాట వింది. తీరా వాళ్ళు వచ్చే రోజు పొద్దున్నే చూద్దుం కదా, మలుపుకి ముందు రోడ్డు కడిగేసి, ఈ చివర నుంచి ఆ చివర దాకా బియ్యప్పిండితో ముగ్గు పెట్టేసింది.

నాన్నకు ముచ్చెమటలు పోశాయి. "అత్తయ్యగారూ, ఇది స్టేట్ రోడ్డండీ. అరెస్ట్ చేస్తారు."

"చెయ్యనీండి అల్లుడుగారూ. అరెస్టు చెయ్యాలన్నా ముందు కారు దిగాలిగా."

కారు రానే వచ్చింది. ముగ్గు ముందు ఆగింది. ఇంజను ఆపలేదు, తలుపు తియ్యలేదు. లోపల ఇద్దరూ ఏదో మాట్లాడుకుంటున్నారు. అమ్మమ్మను పట్టుకుపోతారని నాకు ఏడుపొచ్చేసింది.

చివరికి దిగారు. ముగ్గు తొక్కకుండా గోడ వారగా వచ్చారు. అక్కడ ఎదురుచూస్తున్న పక్కింటావిడ ఎన్నాళ్ళుగానో వల్లించుకున్న మాటలన్నీ గొంతులోనే ఆగిపోయి, పెదాలు మాత్రం కదిలాయి. ఇంగ్లిష్ ముక్క రాని మా అమ్మమ్మ వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకుని, ఆ చెట్ల కింద మెల్లగా నడిపించింది. కారు దిగినవాళ్ళు ఏమనుకున్నారో గానీ, వెనకాలే నడిచారు. వాళ్ళలో ఒకాయన ఆగి గోడ రాళ్ళ మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడ్డాడు.

చలికాలం రాకముందే బోర్డు వచ్చింది. ఇప్పుడు చుట్టూ డేటా సెంటర్లు లేచాయి కానీ, గోడ అక్కడే ఉంది. అమ్మమ్మా, పక్కింటావిడా మాత్రం లేరు.

మామూలుగా నేను వాగుడుకాయని. అయినా ఎవరైనా మాట పెగలక నిలబడిపోతే, వాళ్ళ తరఫున నోరు తెరవను. చెయ్యి పట్టుకుని పక్కన నడుస్తాను. ఆ తర్వాత కూడా చెప్పాల్సింది మిగిలితే, వాళ్ళే చెప్పుకుంటారు.